‘నేను రావట్లేదని ఎవరికైనా తెలిసిందా అక్కా?’

సంపాదకులకు నమస్కారం.

అడ్మిషన్ల సీజను మొదలైంది. వారం రోజులుగా పేపరు తిప్పితే చాలు, ఆన్‌లైన్ డిగ్రీల ప్రకటనలే కనిపిస్తున్నాయి. ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు, ఉద్యోగం మానక్కర్లేదు, డిగ్రీ విలువ ఒక్కటే అని రాస్తున్నారు. అందులో అబద్ధం లేదు. గుర్తింపు ఉన్న ఆన్‌లైన్ డిగ్రీలు, దూరవిద్య డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీలతో సమానమని 2022 సెప్టెంబరులో, యూనివర్సిటీలను పర్యవేక్షించే యూజీసీయే చెప్పింది. అలాంటి ప్రకటన చూసే నేను ఏడాదిన్నర కిందట ఒక యూనివర్సిటీలో ఆన్‌లైన్ ఎంకాంలో చేరాను. ఇప్పుడు మూడో సెమిస్టరు నడుస్తోంది. ప్రకటనల్లో ఎక్కడా లేని ఒక సంగతి, చేరబోయేవాళ్లకూ చేర్చుకునేవాళ్లకూ చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పొడవుగా ఉంటుంది, మన్నించాలి.

నాకు 47 ఏళ్లు. కోదాడ దగ్గర ఒక రైస్ మిల్లులో లెక్కలు చూస్తాను. పదో తరగతితో నా చదువు ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టింది 1999లో, డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అర్హత పరీక్ష రాసి. ఇంటర్ లేకపోయినా ఆ పరీక్ష పాసైతే డిగ్రీలో చేరనిచ్చేవారు. నాలాంటి ఆడవాళ్లు ఎంతమంది ఆ ఒక్క తలుపు గుండా మళ్లీ చదువులోకి వచ్చారో!

ఆ యూనివర్సిటీ గురించి ఇప్పటి పిల్లలకు పెద్దగా తెలియదు. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అనే పేరుతో పెట్టారు. దేశంలో మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ అదే. మొదటి వైస్ ఛాన్సలర్ జి. రాంరెడ్డి గారు. 1985లో ఢిల్లీలో దేశమంతటికీ ఓపెన్ యూనివర్సిటీగా ఇగ్నో పెట్టినప్పుడు దానికి కూడా మొదటి వైస్ ఛాన్సలర్‌గా ఆయన్నే తీసుకెళ్లారు. 1991లో అంబేడ్కర్ గారి పేరు పెట్టారు. పుస్తకాలు ఇంటికి పంపించి మీ చావు మీరు చావండి అని వదిలెయ్యకుండా, ఊళ్లలో ఉన్న డిగ్రీ కాలేజీల్లో స్టడీ సెంటర్లు పెట్టి ఆదివారం క్లాసులు చెప్పించారు. నేను చెప్పబోయే విషయమంతా ఆ ఆదివారాల దగ్గరే ఉంది.

మా స్టడీ సెంటరు సూర్యాపేటలో. అప్పుడది నల్గొండ జిల్లా. ఆదివారం పొద్దున్నే వండి, టిఫిన్ బాక్సు సర్దుకుని, కోదాడలో బస్సు ఎక్కేదాన్ని. క్లాసులో నలభై, యాభై మందిమి ఉండేవాళ్లం. ఒక కానిస్టేబుల్, ఇద్దరు అంగన్‌వాడీ టీచర్లు, కరెంటాఫీసులో హెల్పరు, కిరాణా కొట్టు ఆయన, అత్తగారిని వెంటబెట్టుకుని వచ్చే ఒక కోడలు. ఆ అత్తగారు బయట వేపచెట్టు కింద పిల్లాణ్ని ఆడిస్తూ కూర్చునేది. మధ్యాహ్నం అందరం అదే చెట్టు కింద బాక్సులు విప్పేవాళ్లం. బ్యాలెన్స్ షీటు ఎందుకు సరిపోవడం లేదో నాకు మొదటిసారి అర్థమైంది క్లాసులో కాదు, ఆ చెట్టు కింద, కిరాణా కొట్టాయన చిట్టా పుస్తకం అట్ట వెనక వేసి చూపిస్తే.

మాలో ఒక ఆర్టీసీ కండక్టరు ఉండేవాడు. ఒకసారి మా బాబుకు టైఫాయిడ్ వచ్చి రెండు ఆదివారాలు వెళ్లలేకపోయాను. మూడో వారం మధ్యలో కోదాడ బస్టాండులో టీ కొట్టు అబ్బాయి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి ఒక కవరు ఇచ్చాడు. అందులో రెండు క్లాసుల నోట్సు, ఒక చీటీ. “చెల్లెమ్మా, పిల్లాడికి ఎట్లుంది? వచ్చే ఆదివారం ఆడిటింగు మొదలుపెడతారట, రాకపోతే కష్టం.” ఆ కండక్టరు తన డ్యూటీ బస్సు కోదాడలో ఆగినప్పుడు ఆ కవరు టీ కొట్టు అబ్బాయి చేతిలో పెట్టి వెళ్లాడు. నేను ఆ ఆదివారం వెళ్లాను. 2002లో బీకాం పాసయ్యాను. ఆ చీటీ రాకపోతే పాసయ్యేదాన్నా అంటే, నిజంగా నాకు నమ్మకం లేదు.

ఇక ఇప్పటి చదువు సంగతి.

సాయంత్రం ఏడున్నరకు క్లాసు మొదలవుతుంది. మా బ్యాచిలో నూట ఎనభై మంది దాకా ఉన్నారని వాట్సాప్ గ్రూపు చూసి తెలుసుకున్నాను. తెర మీద నల్లటి గళ్లు, వాటిలో తెల్ల అక్షరాల్లో పేర్లు. కొన్ని పేర్లు కూడా కావు, ఫోను మోడళ్లు. సారు “ఆడియబుల్‌గా ఉందా?” అని అడుగుతారు. చాట్‌లో గబగబా పది ‘యెస్ సార్’లు పడతాయి. ఆ తర్వాత గంటన్నర సేపు ఇంకేమీ పడదు. “ఎనీ డౌట్స్?” అని ఆయన ఆగిన ఆ పది సెకన్ల నిశ్శబ్దం ఉందే, అది నాకు చాలా బాధగా ఉంటుంది. ఎదురుగా ఒక్క ముఖం కూడా లేకుండా పాఠం చెప్పడం ఆయనకు మాత్రం ఏం సుఖం? ఒకరోజు ఆయన జలుబుతో, గొంతు పోయి కూడా పాఠం చెప్పారు. “సార్, వేడినీళ్లు తాగండి” అని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. అంతమందిలో నేనెవరిని, నా మాట ఎందుకు అనుకున్నాను.

హాజరు లాగిన్‌ను బట్టి పడుతుంది. కాబట్టి చాలామంది లాగిన్ అయి ఫోను పక్కన పెడతారు. నన్ను కూడా అందులో కలపండి. వడ్ల కొనుగోళ్ల సీజనులో మిల్లు ముందు లారీలు బారులు తీరి ఉంటే, క్లాసు ఆన్ చేసి టేబుల్ మీద పెట్టి వే బ్రిడ్జి చీటీలు చూసుకున్న రోజులున్నాయి. నాకు హాజరు పడింది. పాఠం మాత్రం పోయింది.

డిస్కషన్ ఫోరం అని ఒకటుంది. వారానికో ప్రశ్న ఇస్తారు. మనం ఒక పేరా రాసి, ఇంకో ఇద్దరు రాసిన దానికి జవాబు ఇవ్వాలి, దానికి మార్కులు. అందరూ ఎక్కడి నుంచో కాపీ చేసి అంటిస్తారు, కింద ‘గుడ్ పాయింట్’, ‘వెల్ సెడ్’ అని పెడతారు. నాకు ఆ ఫోరం పెట్టినవాళ్ల మీద కోపం లేదు. వాళ్ల ఉద్దేశం మంచిదే. 2017లో కేంద్ర ప్రభుత్వం ‘స్వయం’ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదిక మొదలుపెట్టినప్పుడు ఆన్‌లైన్ కోర్సు అంటే నాలుగు భాగాలు ఉండాలని పెట్టుకున్నారు: వీడియో పాఠం, చదువుకునే మెటీరియల్, మనల్ని మనం పరీక్షించుకునే ప్రశ్నలు, సందేహాలు తీర్చుకోవడానికి చర్చావేదిక. 2020లో యూజీసీ తెచ్చిన ఆన్‌లైన్ కోర్సుల నిబంధనలు కూడా ఈ నాలుగు భాగాల పద్ధతినే తీసుకున్నాయి. అంటే ఒకరితో ఒకరు మాట్లాడుకోకపోతే చదువు పూర్తి కాదని పైన కూర్చున్న పెద్దవాళ్లకూ తెలుసు. కానీ మా దగ్గరికి వచ్చేసరికి ఆ నాలుగో భాగం వారానికి మూడు పోస్టుల లెక్కగా మారిపోయింది. వాట్సాప్ గ్రూపు ఉంది కదా అంటారేమో, అందులో అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టగలరు. నూట ఎనభై మందిమి ఒకే గదిలో నోరు కట్టేసుకుని కూర్చున్నట్టు ఉంటుంది.

రెండో సెమిస్టరులో ఒకరోజు జరిగింది చెబుతాను.

ఆ రోజు కాస్ట్ అకౌంటింగ్ క్లాసు. మేడం కొత్తగా వచ్చారు. ఉప ఉత్పత్తుల, అంటే అసలు సరుకుతో పాటు వచ్చే చిన్న సరుకుల, ఖర్చు ఎలా లెక్క కట్టాలో చెబుతున్నారు. నేను మిల్లు ఆఫీసు గదిలోనే ఉండి వింటున్నాను. ఏదో నొక్కబోతే నా మైకు ఆన్ అయింది, నేను చూసుకోలేదు. వెనక మిల్లు ఆడుతున్న చప్పుడు క్లాసంతా వినిపించింది. మేడం ఆగి, “ఆ శబ్దం ఎవరి దగ్గర?” అన్నారు. నాకు గుండె గుభేల్మంది. “సారీ మేడం, రైస్ మిల్లు, ఇక్కడే పని చేస్తాను” అన్నాను. మ్యూట్ చెయ్యమంటారని అనుకున్నాను. ఆవిడ తెలుగులో, “అయ్యో, అయితే ఈ చాప్టరు మీరే చెప్పాలి కదండీ. వడ్లు ఆడిస్తే ఏమేం వస్తాయి? తౌడు మీరు ఎలా లెక్క రాస్తారు?” అన్నారు.

సంపాదకులు గారూ, ఆ ఒక్క ప్రశ్నకు నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. చెప్పాను. ప్రభుత్వం వడ్లు ఇచ్చి ఆడించమంటే, క్వింటాకు 67 కిలోల పచ్చి బియ్యం తిరిగి ఇవ్వాలి, బాయిల్డ్ అయితే 68. మిగిలిన దాంట్లో నూకలు, తౌడు, ఊక. తౌడు నూనె ఫ్యాక్టరీకి పోతుంది. ఊక మా బాయిలర్‌కే వేస్తాం, మిగిలితే ఇటుక బట్టీల వాళ్లు కొంటారు. తౌడు రేటు పడిపోయిన నెలలో మా ఓనరు ముఖం ఎలా ఉంటుందో కూడా చెప్పాను. మేడం ఆ అంకెలతోనే అప్పటికప్పుడు తెర మీద లెక్క వేశారు. తౌడు అమ్మితే వచ్చిన డబ్బులో అమ్మకం ఖర్చు పోను మిగిలింది బియ్యం ఖర్చులోంచి తీసెయ్యాలి, అదే ఈ పాఠం అన్నారు. పదిహేనేళ్లుగా నేను మిల్లులో చేస్తున్న పనికి పుస్తకంలో ఒక పేరు ఉందని ఆ రోజు తెలిసింది.

అంతలో చిలకలూరిపేట నుంచి ఒక అబ్బాయి మైకు ఆన్ చేశాడు. అతను జిన్నింగ్ మిల్లులో సూపర్‌వైజరు. “మేడం, మా దగ్గర క్వింటా పత్తి ఆడిస్తే దూది మూడో వంతే వస్తుంది. మిగతాదంతా దాదాపు గింజే. గింజకు మంచి రేటు ఉంటుంది. అప్పుడు అది ఉప ఉత్పత్తి ఎలా అవుతుంది?” అన్నాడు. మంచి ప్రశ్న. మేడం వెంటనే జవాబు చెప్పలేదు, “మీరందరూ ఏమంటారు?” అని మా మీదికే వదిలారు. ఏలూరు నుంచి ఒకామె, పాలకేంద్రంలో పని చేసిన ఇంకొకాయన, చాట్‌లో ఒకరి తర్వాత ఒకరు. విలువ పెద్దదైతే అది ఉప ఉత్పత్తి కాదు, ఉమ్మడి ఉత్పత్తి, దూదితో పాటు అది కూడా ఖర్చు పంచుకోవాలి అని చివరికి మేమే తేల్చుకున్నాం. తొమ్మిదింటికి అయిపోవాల్సిన క్లాసు తొమ్మిదిన్నరకు అయిపోయింది. ఎవరూ లాగౌట్ కాలేదు.

ఆ రాత్రి చిలకలూరిపేట తమ్ముడు గ్రూపులో నా నంబరు చూసి విడిగా మెసేజ్ పెట్టాడు: “అక్కా, తౌడు లెక్క ఇంకోసారి చెప్తారా?” అలా మొదలై ఇప్పుడు మేం ఐదుగురం. ఏలూరు ఆమె, హైదరాబాద్‌లో పగలంతా డెలివరీలు చేసే ఒక కుర్రాడు, కువైట్‌లో డ్రైవరుగా ఉన్న రాజంపేట అన్న. ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకు గ్రూప్ కాల్. కువైట్‌లో అప్పుడు సాయంత్రం ఆరు. ఆయనకు ఆదివారం సెలవు కాదు, వాళ్లకు శుక్ర, శనివారాలు సెలవు. బండి పక్కన ఆపుకుని మాట్లాడతాడు. వారానికో చాప్టరు ఒకరు చెప్పాలని పెట్టుకున్నాం. చెప్పాల్సినవాళ్లు చదవక తప్పదు కదా. వినేవాళ్లు తెలుగులో అడ్డం వచ్చి అడుగుతారు. ఇంగ్లీషులో తప్పు మాట్లాడతామేమో అన్న టెన్షన్ లేదు. క్లాసులో మేం నోరు విప్పకపోవడానికి సగం కారణం ఆ టెన్షనే అని నాకు ఇక్కడే అర్థమైంది. సబ్జెక్టు అర్థం కాక కాదు.

రెండో సెమిస్టరు పరీక్షలు అయ్యాక నలుగురం విజయవాడలో కలిశాం. బస్టాండు పక్కన పద్మావతి ఘాట్ మెట్ల మీద కూర్చున్నాం. కువైట్ అన్న వీడియో కాల్‌లో ఉన్నాడు. కృష్ణను చూపించమంటే ఫోను అటు తిప్పి చూపించాం, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఏలూరు ఆమె పులిహోర తెచ్చింది. అన్నాళ్లూ గొంతు మాత్రమే తెలిసిన మనుషులను అలా ఎదురుగా చూస్తే, సూర్యాపేట వేపచెట్టు గుర్తొచ్చింది నాకు.

ఇంతవరకూ రాసింది సంతోషం. ఈ ఉత్తరం రాయించింది మాత్రం అది కాదు.

మొదటి సెమిస్టరులో శ్రీకాకుళం వైపు నుంచి ఒక అమ్మాయి ఉండేది. మొదటి రెండు నెలలు చాట్‌లో అందరికంటే ఎక్కువ ప్రశ్నలు అడిగింది ఆమే. చిన్న చిన్న ప్రశ్నలు, అడగడానికి మేమంతా సిగ్గుపడేవి. ఆమె అడిగితే నాక్కూడా జవాబు దొరికేది. తర్వాత ఆ పేరు కనబడలేదు. నేను పట్టించుకోలేదు. గళ్లు నూట ఎనభై నుంచి తొంభైకి, తొంభై నుంచి అరవైకి తగ్గినా ఎవరికీ ఏమీ తెలియదు అక్కడ. బెంచీ ఖాళీ అయితే కంటికి కనిపిస్తుంది. తెర మీద గడి పోతే మిగతా గళ్లు జరిగి ఆ చోటు కప్పేస్తాయి.

విజయవాడ నుంచి తిరిగొచ్చిన రోజు బస్సులో ఆమె గుర్తొచ్చింది. గ్రూపులో నంబరు ఉంది. చేశాను. “ఎవరండీ?” అంది. మన ఎంకాం బ్యాచి అన్నాను. కాసేపు మాట లేదు. కడుపుతో ఉండగా డాక్టరు బెడ్ రెస్ట్ చెప్పారట. రెండు అసైన్‌మెంట్లు పోయాయి. రికార్డింగులు చూద్దామనుకుంటే గుట్టలుగా పేరుకుపోయాయి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఏడ్చి ఊరుకుందట. ఇప్పుడు పాప పుట్టింది. “యూనివర్సిటీ నుంచి ఎవరైనా ఫోను చేశారా అమ్మా?” అని అడిగాను. “సెమిస్టరు ఫీజుకు ఆఖరు తేదీ అని మెసేజ్ వచ్చింది” అంది. తర్వాత అడిగింది, “నేను రావట్లేదని ఎవరికైనా తెలిసిందా అక్కా?”

ఏమని చెప్పను? తెలిసిందమ్మా అని అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

మా పిల్లాడికి టైఫాయిడ్ వచ్చినప్పుడు నాకు ఒక కండక్టరు కవరు పంపాడు. ఆ పిల్లకు ఎవరూ లేరు. అప్పట్లో ఫోన్లు కూడా సరిగా లేవు. ఇప్పుడు లాగిన్ ఎన్ని నిమిషాలు, ఏ వీడియో ఎంతవరకు చూశాం, అన్నీ వాళ్ల కంప్యూటర్లో ఉంటాయి. ఎవరు మానేశారో కనుక్కోవడం ఇంత సులువైన కాలంలో ఎవరూ కనుక్కోకపోవడం నాకు మింగుడుపడటం లేదు.

సిబ్బంది లేరు అంటారా? చేరకముందు ఒక్క నెలలో ఆ యూనివర్సిటీ తరఫున నాకు పదకొండు కాల్స్ వచ్చాయి. ఫోన్లో లెక్కపెట్టుకున్నాను. “మేడం, ఫారం నింపారా? మేడం, సీట్లు అయిపోతున్నాయి” అని. ఎంతో మర్యాదగా మాట్లాడారు ఆ పిల్లలు. ఫీజు కట్టిన రోజు నుంచి ఈ రోజు వరకు ఒక్క కాల్ లేదు. పదకొండులో ఒక్కటి దాచి మూడో నెలలో చేసి ఉంటే శ్రీకాకుళం అమ్మాయి ఇప్పుడు మాతో మూడో సెమిస్టరులో ఉండేది. రెండు వారాలు లాగిన్ కాకపోతే మెసేజ్ కాదు, మనిషి ఫోను చెయ్యాలి. తెలుగు వచ్చిన మనిషి. ఎలా ఉన్నారు, ఏం ఇబ్బంది, ఏ అసైన్‌మెంటు ముందు చేస్తే గట్టెక్కుతారు అని అడగాలి, ఫీజు సంగతి కాదు. నేను అడిగేది ముఖ్యంగా ఇదే.

రెండోది, చేరిన మొదటి వారంలోనే పదేసి మందిని ఒక జట్టుగా చెయ్యండి. మా ఐదుగురం ఒక మైకు పొరపాటున ఆన్ అవ్వబట్టి కలిశాం. పొరపాట్ల మీద ఎంతమంది చదువు నిలబడుతుంది? దగ్గర జిల్లాల వాళ్లను, లేదా ఒకే వేళకు ఖాళీ ఉండేవాళ్లను కలపొచ్చు. ఎవరు ఏ పని చేస్తున్నారో మొదటి రోజే పాఠం చెప్పేవాళ్లకు తెలియాలి. మా మేడంకు ముందే తెలిసి ఉంటే ఆ తౌడు లెక్క మొదటి సెమిస్టరులోనే వచ్చేదేమో.

మా అన్నగారి అబ్బాయి ఇంజినీరింగ్. వాళ్ల కాలేజీలో ఎన్‌పీటెల్ కోర్సులు చేస్తారు, అదీ ఆన్‌లైనే, ఐఐటీ ప్రొఫెసర్ల వీడియోలే. పన్నెండు వారాల కోర్సులో పన్నెండు అసైన్‌మెంట్లు, వాటిలో బాగా వచ్చిన ఎనిమిది లెక్కలోకి తీసుకుని పాతిక శాతం, సెంటరుకు వెళ్లి రాసే పరీక్షకు డెబ్భై ఐదు శాతం. వాడు ఎప్పుడూ ఆఖరి రోజు రాత్రే చేస్తాడు, కానీ చేస్తాడు. ఎందుకంటే కాలేజీలో ఒక సారు మెంటర్‌గా ఉన్నారు, హాస్టల్ గదిలో నలుగురు స్నేహితులు అదే కోర్సులో ఉన్నారు. “ఒరేయ్, ఈ రోజే ఆఖరు” అని ఎవడో ఒకడు అరుస్తాడు. వీడియో అందరికీ ఒక్కటే. వాడి వెనక ఉన్న ఆ నలుగురు మా శ్రీకాకుళం అమ్మాయికి లేరు, అంతే తేడా.

కొందరు సార్లు కెమెరా తప్పనిసరి చేస్తే అన్నీ దారికి వస్తాయంటారు. దయచేసి అది మాత్రం చెయ్యకండి. మా ఏలూరు ఆమెది ఉమ్మడి కుటుంబం, రెండు గదుల ఇల్లు. వంటింట్లో ఒక మూల ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింటుంది. కెమెరా పెట్టమంటే ఆమె చదువు ఆ రోజుతో సరి. డెలివరీ కుర్రాడికి నెలాఖరులో డేటా ఉండదు. ముఖం చూపించమని బలవంతం చెయ్యడం వేరు, నువ్వెవరు, ఎక్కడి నుంచి వింటున్నావు అని అడగడం వేరు. మా మేడం నా ముఖం ఇప్పటికీ చూడలేదు.

చివరిగా, సెమిస్టరుకు ఒక్క ఆదివారం, మనిషిని మనిషి చూసుకునే ఏర్పాటు. దాదాపు ప్రతి పట్టణంలో డిగ్రీ కాలేజీ ఉంది. ఆదివారం గదులు ఖాళీగానే ఉంటాయి. కంప్యూటర్లు లేని రోజుల్లో, 1982లో మొదలైన ఒక ప్రభుత్వ యూనివర్సిటీ ఆ గదులనే వాడుకుని లక్షలమందిని చదివించింది. ఇప్పటి ఆన్‌లైన్ యూనివర్సిటీలు ఒక్కో పట్టణంలో ఒక్కో గది అద్దెకు తీసుకోలేనంత పేదవి కావు. రాలేనివాళ్లు రాకపోయినా పర్లేదు. వచ్చినవాళ్లు ఒకరి నంబరు ఒకరు తీసుకుని వెళ్తారు, చాలు.

యూనివర్సిటీ వాళ్లకు ఈ విషయాలన్నీ మెయిల్ రాశాను. మీ సూచన సంబంధిత విభాగానికి పంపాం అని జవాబు వచ్చింది. వాళ్ల కోసం ఎదురుచూస్తూనే మేం చెయ్యగలిగింది మేం చేస్తున్నాం. శ్రీకాకుళం చెల్లెలు ఇప్పుడు మా ఆదివారం కాల్‌లో ఆరో మనిషి. మళ్లీ అడ్మిషన్ కొనసాగించడానికి ఏం చెయ్యాలో కనుక్కుంటున్నాం. ఇంకా తేలలేదు. ఈలోపు ఆమె పాపను ఒళ్లో పెట్టుకుని వింటుంది. పోయిన వారం ఎవరికీ రాని ప్రశ్న ఆమే అడిగింది, మునుపటిలాగే.

నెలలో మొదటి ఆదివారం పొద్దున పదింటికి కోదాడ శాఖా గ్రంథాలయంలో, పేపర్లు చదివే బల్ల దగ్గర నేను కూర్చుంటాను. మా ఎంకామే కానక్కర్లేదు. ఏ యూనివర్సిటీలో ఏ కోర్సు ఆన్‌లైన్‌లో చదువుతున్నవారైనా, మధ్యలో ఆపేసినవారైనా రావచ్చు. పోయిన నెల ముగ్గురం అయ్యాం. టిఫిన్ బాక్సు తెచ్చుకుంటే మధ్యాహ్నం దాకా ఉండొచ్చు.

ఇట్లు,
ఒక ఆన్‌లైన్ ఎంకాం విద్యార్థిని,
కోదాడ, సూర్యాపేట జిల్లా.